సిమ్ రేసింగ్‌లో కారు జారుతోందని స్టీరింగ్‌ ద్వారా పసిగట్టడం ఎలా?

నిజం కారులో వెనక చక్రాలు పట్టు తప్పితే మొదట నడుముకి తెలుస్తుంది. సిమ్ రేసింగ్ అంటే స్టీరింగ్, పెడల్స్‌తో కంప్యూటర్‌లో ఆడే కారు రేసు. అక్కడ ఇంట్లో కుర్చీకి ఆ కబురు అందదు కాబట్టి చేతులే దిక్కు. ఐరేసింగ్, అసెట్టో కోర్సా లాంటి రేసింగ్ గేముల్లో మోటారు ద్వారా స్టీరింగ్‌కి చేరే బలం ప్రధానంగా ముందు టైర్లది.

మలుపులో స్టీరింగ్ తనంతట తాను నిటారుగా రావాలని లాగుతుంటుంది. ముందు టైర్ల పట్టు అంచుకి చేరేసరికి ఆ లాగుడు తగ్గి చేతికి తేలిగ్గా అనిపిస్తుంది. ఇంకా తిప్పి లాభం లేదు, కాస్త వెనక్కి వదలాలి.

వెనక జారితే కథ వేరు. కారు ముక్కు మలుపు లోపలికి తిరుగుతుంది, ముందు చక్రాలేమో కారు నిజంగా వెళ్తున్న దిక్కుకే తిరగబోతాయి. అందుకే స్టీరింగ్ ఎదురు దిశకి పారిపోతుంది. అక్కడే బిగపట్టి కారుని గిరగిరా తిప్పేస్తాం (నేనూ నెలల తరబడి అదే పని). వేళ్లు సడలించి దాన్ని వెళ్లనివ్వండి, కాస్త తోడు నెట్టండి. యాక్సిలరేటర్ మీంచి కాలు ఒక్కసారిగా తీయకండి, బరువు ముందుకి పడి వెనక ఇంకా తేలికవుతుంది. అసలు కష్టం ఆ తర్వాత: టైర్లకి పట్టు దొరకగానే స్టీరింగ్ వెంటనే నిటారుకి తేవాలి. ఆలస్యమైతే కారు అవతలి వైపుకి విసిరికొడుతుంది.

లాజిటెక్ జీ29 లాంటి గేర్ల వీల్ (మోటారు గేర్ల ద్వారా తిప్పే స్టీరింగ్) డైరెక్ట్ డ్రైవ్ (నేరుగా మోటారుకే బిగించిన స్టీరింగ్) అంత చురుగ్గా తిరగదు, చేతిసాయం ఎక్కువ కావాలి. బలం సెట్టింగ్ మరీ పెంచకండి. మోటారు గరిష్ఠాన్ని తాకితే ఆ పైన తేడాలేవీ చేతికి అందవు, దాన్నే క్లిప్పింగ్ అంటారు.