స్టాండప్ చేస్తే భయం పోతుందా? అనంతపురం నుంచి ఒక మెడికల్ రెప్ జవాబు

అడిగిన తమ్ముడిది కర్నూలు. బీటెక్ ఆఖరి సంవత్సరం, నలుగురిలో నోరు తెరవాలంటే భయం, క్యాంపస్ ఇంటర్వ్యూలు దగ్గర పడ్డాయి. స్టాండప్ కామెడీ ఓపెన్ మైక్‌లకు, అంటే ఎవరైనా పేరిచ్చి స్టేజీ ఎక్కి జోకులు చెప్పి చూసుకునే షోలకు, పోతే ధైర్యం వస్తుందని ఎవరో చెప్పారట, నిజమేనా అంటున్నాడు. నిజమే తమ్ముడూ, వస్తుంది. ముందు అద్దం ముందు ప్రాక్టీస్ చెయ్యమని చెప్పేవాళ్ల మాట మాత్రం వినొద్దు. అద్దంలో ఉండేది నువ్వే, నీ జోకు వాడికి ముందే తెలుసు.

నాది అనంతపురం, మెడికల్ రెప్ ఉద్యోగం. మాట్లాడటమే నా పని, మాట్లాడాలంటేనే నాకు వణుకు. ఈ రెండూ ఒక మనిషిలో ఎట్లా కలిశాయని అడగొద్దు, బీఎస్సీ అయిపోయినవాడికి మా వైపు దొరికే ఉద్యోగాలు చూస్తే నీకే తెలుస్తుంది. సాయినగర్‌లో ఆసుపత్రుల ముందు మెడలో టై, భుజాన బరువు బ్యాగు వేసుకుని గోడకు ఆనుకుని నిలబడే గుంపు ఒకటి ఉంటుంది, అందులో నేనొకణ్ని. గంటసేపు నిలబడితే డాక్టరు అర నిమిషం ఇస్తారు. ఆ అర నిమిషంలో మందు పేరు, అందులో ఏముంది, పక్క కంపెనీది రాయకుండా మాదే ఎందుకు రాయాలి, స్ట్రిప్పు ధరెంత, అన్నీ చెప్పాలి. నాకేమో లోపలికి అడుగు పెట్టగానే నోరు ఎండిపోయేది. బట్టీ పట్టిందంతా ఒకే ఊపిరిలో అప్పజెప్పి, శాంపిళ్లు బల్ల మీద పెట్టి, థాంక్యూ సర్ అని బయటపడేవాణ్ని. ఒకసారి మా ఏరియా మేనేజరు నా వెంట వచ్చి అంతా చూసి, బయటికొచ్చాక మెల్లగా అడిగాడు: "ఇప్పుడు నువ్వు చెప్పింది ఏ మందు గురించి?"

ఆయన సలహా మీదే పర్సనాలిటీ డెవలప్‌మెంట్ క్లాసుకు డబ్బు కట్టాను. ఇక్కడ కొంచెం తిట్టుకోనివ్వు. ఆదివారం పొద్దున ఒక ఫంక్షన్ హాల్లో అందరినీ నిలబెట్టి, చేతులు పైకెత్తి, నేను సింహాన్ని నేను సింహాన్ని అని అరవమంటారు. అందరూ అరుస్తారు, ఎందుకంటే అందరితో కలిసి అరవడానికి ధైర్యం అక్కర్లేదు. సోమవారం సాయినగర్లో ఒక్కడే నిలబడినప్పుడు సింహం ఆదివారం దగ్గరే ఉండిపోయింది. పైగా ఆ క్లాసుల్లో నువ్వేం మాట్లాడినా చప్పట్లు కొడతారు, కొట్టమని ముందే చెప్పి ఉంటారు కాబట్టి. అబద్ధపు చప్పట్లు వినీ వినీ మనిషి ఇంకా చెడిపోతాడని నా గట్టి నమ్మకం. దానికి రుజువు అడగొద్దు.

బెంగళూరులో మారతహళ్లి పీజీలో ఉండే మా మామ కొడుకు ఒక శనివారం నన్ను ఓపెన్ మైక్‌కు లాక్కుపోయాడు. అనంతపురం నుంచి బెంగళూరు రెండు వందల కిలోమీటర్ల పైచిలుకు, పెనుకొండ, బాగేపల్లి మీదుగా బస్సులో నాలుగైదు గంటలు. దారంతా కడుపులో తిప్పుతూనే ఉంది. ఒక కాఫీ షాపు కింద సెల్లారు, ప్లాస్టిక్ కుర్చీలు, ఒక మైకు, ఒక లైటు, అంతే. పద్ధతి ఏమిటంటే ముందే ఆన్‌లైన్‌లో పేరు ఇవ్వాలి, ఒక్కొక్కరికి నాలుగైదు నిమిషాలు ఇస్తారు, దాన్ని స్పాట్ అంటారు. ఇంకో నిమిషమే ఉందనగా వెనక నుంచి ఎవరో ఫోన్ లైటు చూపిస్తారు. దాటితే హోస్టు వచ్చి మైకు తీసుకుంటాడు. వచ్చినవాళ్లలో సగం మంది ప్రేక్షకులే కాదు, తమ వంతు కోసం కూర్చున్నవాళ్లు. వాళ్లు నీ జోకు వినరు, ఫోన్లో తమ జోకులు చూసుకుంటూ ఉంటారు. ఇది ముందే తెలిసి ఉంటే నా భయం అక్కడే సగం తగ్గేది.

ఆ రోజు కన్నడ, ఇంగ్లిష్, తెలుగు అన్నీ కలిపి నడుస్తున్నాయి. నేను రాసుకుపోయింది ఏమిటో తెలుసా, ఐటీ ఉద్యోగాలు, డేటింగ్ యాప్‌లు, సిల్క్ బోర్డు ట్రాఫిక్. ఐటీ ఆఫీసు లోపల ఎట్లుంటుందో నేను చూసింది లేదు, ఆ యాప్‌లు నా ఫోన్లోనే లేవు. అవన్నీ టీవీలో వార్తలు చదివేవాళ్ల తెలుగులో చెప్పాను. మొదటి జోకు చెప్పి నవ్వు కోసం ఆగాను. రాలేదు. రెండోది చెప్పాను. పైన కాఫీ మిషను గర్రుమంది, ఎవరో కుర్చీ జరిపారు. మూడోదానికి ఒకమ్మాయి నవ్వింది, చూస్తే ఫోన్లో ఏదో చూసి. నాలుగో జోకు ఏమిటో మరిచిపోయాను. మరిచిపోవడమంటే మామూలుగా కాదు, నా పేరేమిటో అడిగినా ఆలోచించి చెప్పాల్సిన పరిస్థితి.

అప్పుడు ముందు వరసలో కూర్చున్న ఒక పెద్దాయన, కొడుకును చూడ్డానికి వచ్చినట్టున్నాడు, పంచె కట్టుకుని ఉన్నాడు, నన్ను చూసి జాలిపడి అడిగాడు: "ఏమప్పా, మీది యా ఊరు?"

నేను ఆలోచించలేదు. "అనంతపురం సార్. మందులు అమ్ముతాండా. అది కూడా ఇట్లనే ఎవురూ వినరు" అన్నాను.

నవ్వారు. పెద్ద నవ్వేం కాదు గానీ నిజం నవ్వు. అది అంటుకోగానే నాకు ముందు వారం ఆసుపత్రిలో జరిగింది గుర్తొచ్చి చెప్పేశాను. రెప్‌లను ఓపీ అయిపోయాకే లోపలికి పంపుతారు కదా, నేను పేషెంట్ల మధ్యనే బెంచీ మీద కూర్చున్నా. పక్కన ఒక అవ్వ. నా టై, బ్యాగు చూసి నేనే చిన్న డాక్టరనుకుని మోకాలు చూపించింది. "అవ్వా, నేను డాక్టర్ని కాను, మందుల కంపెనీ వాణ్ని" అన్నా. ఆ అవ్వ ఇంకా దగ్గరికి జరిగి, "అయితే ఇంకా మేలే గదప్పా, ఆయప్ప రాసేది నువ్వు చెప్పిందే గదా, నాకు ఈడనే చెప్పెయ్, ఫీజు మిగుల్తాది" అంది.

ఈ మాటకు సెల్లారంతా నవ్వింది. వెనక లైటు ఊపుతున్నారు, నాకు కనపడినా అర్థం కాలేదు, ఎవరో నన్ను వీడియో తీస్తున్నారనుకున్నా. చివరికి హోస్టు పేరు పెట్టి పిలిస్తే, మైకు స్టాండులో పెట్టకుండా చేత్తో పట్టుకునే దిగబోయాను, వైరు లాగి స్టాండు పడింది. నిజం చెప్పాలంటే ఆ రాత్రి అందరికంటే ఎక్కువ నవ్వు దానికే వచ్చింది.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, నాకు ధైర్యం ఇచ్చింది ఆ అవ్వ జోకుకు వచ్చిన నవ్వు అనుకుంటావేమో, కాదు. అంతకు ముందు మూడు జోకుల తర్వాత వచ్చిన నిశ్శబ్దం. ఇన్నేళ్లూ నేను భయపడింది దానికే. నేను మాట్లాడినాక ఎదుటివాళ్లు ఏమీ అనకపోతే ఏమవుతుంది? ఏమీ కాదు, పైన కాఫీ మిషను తిరుగుతుంది. అది నా చెవులతో నేను విన్నాను. ఆ తర్వాత వీలైన శనివారమల్లా పోయాను, చాలాసార్లు ఎవరూ నవ్వలేదు, బెంగళూరు మెజెస్టిక్ బస్టాండులో రాత్రి బస్సెక్కి తిరిగొచ్చి సోమవారం డ్యూటీకి పోయాను. ప్రతిసారీ గుండె కొట్టుకుంది, ఇప్పటికీ కొట్టుకుంటుంది. కాకపోతే మొదటి జోకు అయ్యేసరికి తగ్గుతుందని ఒంటికి తెలిసిపోయింది.

ఆ తేడా నాకు తెలిసింది స్టేజీ మీద కాదు, డాక్టరు గదిలో. మామూలుగా ఆయన ఫోన్ చూస్తూ వింటారు, అంటే వినరు. నేను ఆయన వినడం లేదని తెలిసి ఇంకా వేగం పెంచేవాణ్ని. ఒకరోజు మందు పేరు ఒక్కటి చెప్పి ఆగిపోయాను. ఊరికే నిలబడ్డాను. మూడు నాలుగు క్షణాలు గడిచాయి, స్టేజీ మీద అది మామూలే, ఆ గదిలో మాత్రం చాలా పెద్దది. ఆయన తలెత్తి, "ఊఁ, చెప్పు" అన్నారు. అన్నేళ్లలో ఆయన నా మొహం చూడటం అదే మొదలు. ప్రిస్క్రిప్షన్లు పెరిగాయా అంటే, మా మేనేజరు మొహం చూస్తే అట్లా ఏం కనపడదు. కానీ ఇంటర్వ్యూలో నీకు కావాల్సింది ఇదే తమ్ముడూ. ప్రశ్న విన్నాక ఒక క్షణం ఆగి మాట్లాడగలగడం. జోకులు మాత్రం ఇంటర్వ్యూలో వెయ్యొద్దు.

ఇంకోటి. స్టాండప్ మనది కాదు, ఇంగ్లిష్ వాళ్ల పిచ్చి అనేవాళ్లు ఇంట్లో తప్పకుండా ఉంటారు, మా చిన్నాన్న ఉన్నాడు. మా ధర్మవరం పక్కన నిమ్మలకుంట ఉంది, తోలుబొమ్మల ఊరు. అక్కడి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. ఆ ఆటలో రాముడు, రావణుడు ఉన్నా జనం నిద్ర ఆపుకుని కూర్చునేది కేతిగాడు, బంగారక్క కోసమే. రామాయణం మధ్యలో దూరి ఊళ్లోవాళ్ల మీద జోకులేస్తారు, దీన్నే వీళ్లు ఇప్పుడు క్రౌడ్ వర్క్ అంటున్నారు. అష్టావధానం చూశావా ఎప్పుడైనా? ఎనిమిది మంది పృచ్ఛకుల్లో ఒకరి పని అప్రస్తుత ప్రసంగమే, అవధాని పద్యం అల్లుకుంటుంటే అడ్డమైన ప్రశ్నలేసి ఆయన్ని తప్పించాలని చూడటం. దానికి ఆయన నవ్వించేలా జవాబిచ్చి మళ్లీ పద్యం ఎక్కడ ఆపాడో అక్కడే అందుకోవాలి. బెంగళూరులో తాగి అరిచేవాడికి జవాబు చెప్పడం దీని ముందు ఎంత? మిమిక్రీ చేసే నేరెళ్ల వేణుమాధవ్ గారు ఒక్క మైకుతో సభలకు సభలను కూర్చోబెట్టారు. మనది కాదంట.

యాస సంగతి కూడా చెప్పాలి, ఇది నా కడుపుమంట. ఒకచోట షో పెట్టేవాడు, నేను సీమవాణ్నని తెలియగానే, "అయితే బాంబులు, సుమోల మీద చెయ్యి బ్రో, బాగా పేలుతాయి" అన్నాడు. నేను పుట్టి పెరిగిన వీధిలో పేలింది దీపావళికి తప్ప ఎప్పుడూ లేదు. సినిమాల్లో మన యాస వినపడిందంటే కత్తి రావాలి, లేదంటే కమెడియన్ రావాలి. మామూలు మనిషి, ఉగ్గాని తిని ఆఫీసుకు పోయేవాడు, వాడికి ఈ యాస ఉండకూడదా? అందుకే ఇప్పుడు స్టేజీ మీద నేను ఇంట్లో మాట్లాడినట్టే మాట్లాడతాను. నువ్వు కూడా కర్నూల్లో మీ అమ్మతో ఎట్లా మాట్లాడతావో అట్లనే రాసుకో. సగం భయం మాటలు మార్చుకోవడంలోనే ఉంటుంది, లోపల ఒకటి అనువదించుకుంటూ బయట ఇంకోటి చెప్పాలంటే ఎవడికైనా నాలుక తిరగదు.

ఇంట్లోవాళ్ల మీద జోకులేస్తే మాత్రం వాళ్లకు ముందే చెప్పు. మా అమ్మ మీద చేసిన ముక్క ఎవరో వాట్సాప్‌లో పెడితే చుట్టాలందరికీ పోయింది. మా అమ్మ రెండు రోజులు మాట్లాడలేదు, మూడో రోజు మాత్రం, "ఆ చట్నీ సంగతి ఇంకా బాగా చెప్పాల్సింది, నువ్వు సగమే చెప్పినావు" అంది. ఇప్పుడు ఆమే ముందు వింటుంది, నవ్వకపోతే ఆ జోకు తీసేస్తాను.

ఇక నువ్వు చెయ్యాల్సింది. కర్నూలు నుంచి హైదరాబాద్ రమారమి రెండు వందల పది కిలోమీటర్లు, సెలవులో పోయిరావచ్చు. మొదటిసారి పోయినప్పుడు చెయ్యకు, ఊరికే కూర్చుని చూడు, ఎంతమంది జోకులు పేలకపోయినా బతికే ఇంటికి పోతున్నారో లెక్కపెట్టు. రెండోసారి పేరు ఇవ్వు. మొదటి స్పాట్ ఇస్తే వద్దనకు, జనం ఇంకా వేడెక్కి ఉండరు గానీ కూర్చుని కూర్చుని టెన్షన్ పడేది తప్పుతుంది. నీ ప్రాణ స్నేహితులను తీసుకుపోవద్దు, వాళ్లు జాలికి నవ్వుతారు, అది ఆ సింహం క్లాసుతో సమానం. ఫోన్లో ఆడియో రికార్డు చేసుకుని మరుసటి రోజు విను. మన గొంతు మనం వినడం నరకం, అయినా విను, ఎక్కడ పరిగెత్తావో తెలుస్తుంది. పోవడానికి డబ్బుల్లేకపోతే కాలేజీలోనే క్లాసులయ్యాక పదిమందిని కూర్చోబెట్టి మీరే మొదలుపెట్టండి, మైకు కూడా అక్కర్లేదు.

స్పాట్ కావాలంటే ఐదుగురు ప్రేక్షకులను టిక్కెట్టు కొనిపించి తీసుకురావాలని అడిగేవాళ్లు కొందరున్నారు, వాళ్ల దగ్గరికి పోవద్దు. ఆ ఐదుగురినీ పిలవడానికే నీకు ధైర్యం ఉంటే ఈ ప్రశ్న అడిగేవాడివే కాదు.