మా సెల్లార్‌లో దొరికిన 6174

"మా అబ్బాయి ఏడో తరగతి. లెక్కల్లో మార్కులు వస్తాయి గానీ పుస్తకం మూశాక మళ్లీ దాని వంక చూడడు. బడి పాఠం కాకుండా ఆసక్తిగా ఉండే పజిల్స్, ఆటలు ఎక్కడ దొరుకుతాయి?" అని అడిగారు.

ముందే చెప్పేస్తున్నా, నేను టీచర్ని కాదు. బ్యాంకులో ముప్ఫై నాలుగేళ్లు అంకెలు కూడి రిటైరై, విజయవాడ సత్యనారాయణపురంలో ఒక అపార్ట్‌మెంట్‌లో ఉంటున్నాను. మా మనవడు కూడా ఏడో తరగతే. వాడి కోసం లెనిన్ సెంటర్‌లో పాత పుస్తకాల షాపులన్నీ తిరిగి నాలుగు పజిల్ పుస్తకాలు తెచ్చాను. నాలుగూ ఇప్పుడు మా ఇంట్లో వైఫై రూటర్ కింద ఎత్తుకి పనికొస్తున్నాయి. కాబట్టి పుస్తకాల పేర్లు నన్నడక్కండి.

పోయిన మే నెలలో ఒక సాయంత్రం కరెంటు పోయింది. బెజవాడ ఉక్కపోత సంగతి మీకు తెలిసిందే. ఇన్వర్టర్లు కూడా చేతులెత్తేసేసరికి పిల్లలంతా సెల్లార్‌లోకి దిగారు. ఎవరి ఫోన్‌లోనూ ఛార్జింగ్ లేదు. అదే నా అదృష్టం.

వాచ్‌మన్ భార్య ముగ్గులేసే సుద్దముక్క అడిగి తీసుకుని, నా స్కూటర్ నంబర్ 4825ని నేల మీద రాశాను. ఈ నాలుగంకెలతో వచ్చే అన్నిటికంటే పెద్ద సంఖ్య 8542, చిన్నది 2458. తీసేస్తే 6084. మళ్లీ దాంతో అదే పని. 8172, 7443, 3996, 6264, 4176, చివరికి 6174. ఆ తర్వాత ఎన్నిసార్లు చేసినా 6174 అక్కడి నుంచి కదలదు. "మీ బండ్లు ఎక్కడ ఆగుతాయో చూడండి" అన్నాను. అంతకు మించి ఒక్క ముక్క చెప్పలేదు.

అంతే, తలా ఒక బండి దగ్గర చతికిలబడ్డారు. సుద్దముక్కలు చాలక ఒకడు ఇటుక పెంకు పట్టుకున్నాడు. పావుగంటలో ఒక్కో మూల నుంచీ "6174!" అని కేకలు. ఒకరి బండి మూడు మెట్లలో చేరితే ఇంకొకరిది ఏడు మెట్లు, దాని మీద పందేలు.

అప్పుడొచ్చింది గొడవ. ఎవరిదో స్కూటీ నంబర్ 2111. పెద్దది 2111, చిన్నది 1112, తేడా 999. దాన్ని ఎలా తిరగేసినా 999నే, తీసేస్తే సున్నా. "తాతగారి లెక్క తప్పు!" అని మా మనవడే అందరికంటే ముందు అరిచాడు. నిజం చెప్పాలంటే నాకూ గుండెల్లో రాయి పడింది. ఎప్పుడో చదివింది, ఇలాంటి సందు ఉందని గుర్తులేదు. అంతలో ఐదో తరగతి పిల్ల ఒకతె, లెక్కలంటే జ్వరం తెచ్చుకునే రకమని వాళ్లమ్మ రోజూ వాపోతుంటుంది, నెమ్మదిగా "తాతగారూ, బండి మీద 0999 అని కదా రాస్తారు?" అంది. ముందు సున్నా పెట్టి చేస్తే 9990లోంచి 0999 పోతే 8991, తర్వాత 8082, 8532, 6174. ఆ పిల్ల మొహం చూడాల్సింది.

ఇక మా అపార్ట్‌మెంట్ ప్రెసిడెంట్ గారి కారు. వేలం పాడి మరీ తెచ్చుకున్న 9999. సెల్లార్ మొత్తంలో సున్నాకి పోయింది అదొక్కటే. నాలుగూ ఒకే అంకె అయితే అంతే మరి. పిల్లలు కారు ముందు పెద్ద సున్నా చుట్టేశారు. తర్వాత మీటింగ్‌లో ఆయన సెల్లార్ శుభ్రత గురించి ఇరవై నిమిషాలు మాట్లాడారు.

అసలు ఈ నంబర్ల పిచ్చి ఏంటో నాకు అర్థం కాదు. అంకెలు కూడితే తొమ్మిది రావాలని వేలకు వేలు పోస్తారు. ఏ నంబర్నైనా తిరగేసి పెద్దదాంట్లోంచి చిన్నది తీసేస్తే మిగిలేది తొమ్మిదో ఎక్కంలోనే పోతుంది, తొమ్మిది ఉచితం! మా బ్యాంకులో సాయంత్రం లెక్క టాలీ కాకపోతే ముందు తేడాని తొమ్మిదితో భాగించేవాళ్లం. శేషం లేకుండా పోయిందంటే ఎవరో 57ని 75 అని రాసి ఉంటారని అనుమానం. ఈ సంగతి పిల్లలకు చెబితే, ఆ పాత లెడ్జర్లు ఉన్నాయా అని అడిగారు.

ఆ 6174ని 1949లో కనిపెట్టింది కాప్రేకర్, నాసిక్ దగ్గర దేవ్‌లాలీలో బడిపంతులు. పెద్ద యూనివర్సిటీ ప్రొఫెసర్ కాదు. మన దగ్గరేమో ఆరో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్ అంటూ పిల్లల వీపు మీద నాలుగు కిలోల మెటీరియల్ ఎక్కిస్తున్నారు. అందులోనూ పజిల్స్ ఉంటాయి, కాదనను. కానీ పక్కనే "సమయం: 90 సెకన్లు" అని రాస్తే అది పజిల్ ఎలా అవుతుందండీ? టెన్షన్ అవుతుంది. వాట్సాప్‌లో వచ్చే ఆపిల్, అరటిపండు లెక్కలైతే మరీ ఘోరం. మా చుట్టాల గ్రూపులో ఒక దాని మీద ఇద్దరు బావమరుదులు మాటలు మానేశారు.

మీరడిగింది ఎక్కడ దొరుకుతాయని కదా. ఇంట్లోనే ఉన్నాయి. పదిహేను చుక్కలతో మొదలెట్టి, సందు చుక్కలతో అటూ ఇటూ ఎనిమిది వరకు పెట్టే ముగ్గులో మొత్తం చుక్కలెన్నో ఒక్కొక్కటీ లెక్కపెట్టకుండా చెప్పమనండి. 169 వస్తుంది, అంటే పదమూడు పదమూళ్లు. ఆరు కోణాల ముగ్గులో ఉన్న చుక్కలు చదరంగా ఎలా సర్దుకుంటాయో మా వాచ్‌మన్ భార్యా నేనూ ఒక గంట కూర్చుని చూశాం. పజిల్ అన్న మాట మాత్రం పిల్లల దగ్గర ఎత్తకండి, ఎత్తారంటే లేచి వెళ్లిపోతారు.

మీ అబ్బాయికైతే మూడంకెలతో మొదలుపెట్టించండి. అక్కడ ఆగే సంఖ్య వేరే ఉంది. అదేంటో నేను చెప్పను, మీరు వెతికి తెలుసుకున్నా వాడికి చెప్పకండి.