వెనక బెంచీ వదిలిపెట్టు

అమ్మలూ,

నీ మెసేజ్ రెండుసార్లు చదివాను. "అందరూ నవ్వుతూ పలకరిస్తారు అత్తా, ఇంటికి మాత్రం ఒక్కరూ రారు" అన్నావు. నిజమే. మన ఊళ్ళో రెండు ఆదివారాలు గుడికి వెళ్ళకపోతే సోమవారానికల్లా పాస్టరు అయ్యగారు సైకిలేసుకుని గుమ్మంలో ఉండేవారు. ఇక్కడ అమెరికాలో ఎపిస్కోపల్ చర్చి (ఇంగ్లండు చర్చి నుంచి వచ్చిన ఆంగ్లికన్ సంఘం) వాళ్ళు బయట స్వాగతం బోర్డు పెడతారు, ఆ మాట మనస్ఫూర్తిగానే అంటారు. కానీ పిలవని ఇంటికి వెళ్ళడం వాళ్ళ లెక్కలో మర్యాద కాదు. ముందు నువ్వే పిలవాలి.

నేనూ నీలాగే చేశాను. ఫిలడెల్ఫియా దగ్గర నర్సుగా చేరిన కొత్తలో రెండేళ్ళు వెనక బెంచీలో కూర్చుని, ఆఖరి పాట అవకముందే కారెక్కేసేదాన్ని. "వీళ్ళు మనల్ని కలుపుకోరు" అని మీ మావయ్య దగ్గర సణుగుడు. ఓ రోజు ఒక ముసలావిడ వచ్చి "నీకు ఇస్త్రీ బాగా వచ్చా?" అంది. ఆల్టర్ గిల్డ్‌లో, అంటే ఆరాధనకి బల్ల, గుడ్డలు, గిన్నెలు సిద్ధం చేసే గుంపులో, మనిషి తక్కువైందట. శనివారం పొద్దున్నే వెళ్ళాను. ప్రభురాత్రి భోజనపు గిన్నె తుడిచే తెల్ల గుడ్డలకి అంటిన లిప్‌స్టిక్ మరకలు వదిలించడం ఎంత పనో అప్పుడు తెలిసింది! ఆ గుడ్డలు మొదట జాడించిన నీళ్ళు మామూలు సింకులో పొయ్యరు. నేరుగా మట్టిలోకి పోయే తొట్టి ఒకటుంటే అందులో, లేకపోతే చెట్టు మొదట్లో పోస్తారు. ప్రసంగాల్లో ఎన్నిసార్లు విన్నా పట్టని భక్తి ఆ నీళ్ళు పోస్తుంటే పట్టింది నాకు. ఇస్త్రీ బల్ల దగ్గరే ఎవరి కొడుకు మాట్లాడటం మానేశాడో, ఎవరికి కీమో నడుస్తోందో తెలిసింది. తర్వాత నా ఆపరేషన్ అప్పుడు ఆ నలుగురే వంతులేసుకుని వంట పంపారు. ఉప్పూ లేదు, కారమూ లేదు. వేడిగా మాత్రం ఉండేది.

అందుకే చెప్తున్నా, ఆరాధన అవగానే పారిపోకు. ఆరాధన తర్వాత అందరూ కాఫీ తాగుతూ మాట్లాడుకునే కాఫీ అవర్‌లో కప్పు పట్టుకుని నిలబడితే చుట్టం కిందే లెక్క. వంటగదిలోకి వెళ్ళి కప్పులు కడుగు. ఒక ఆదివారం పులిహోర తీసుకెళ్ళు, మిరపకాయలు మాత్రం ఏరేసి.

ఆరాధనలో పక్కవాళ్ళతో "శాంతి" చెప్పుకునేటప్పుడు బిడియపడతానన్నావు. బిడియమెందుకే, ఆ పద్ధతి మన ఇంటిదే! 1947లో ఆంగ్లికన్లు, మెథడిస్టులు, మరికొందరు కలిసి మన సిఎస్ఐ (దక్షిణ ఇండియా సంఘం) అయ్యాక, 1950లో వచ్చిన మన ఆరాధన క్రమం కేరళ సిరియన్ సంఘాల నుంచి తీసుకుని చేతులు కలిపి శాంతి చెప్పుకోవడాన్ని మళ్ళీ వాడుకలోకి తెచ్చింది. దాన్ని చూసే చాలా ఆంగ్లికన్ సంఘాలు నేర్చుకున్నాయి. ఇక్కడి ఆరాధన పుస్తకం, 1979 ప్రేయర్ బుక్‌లోనూ ఉంది.

ఆడమనిషి పాస్టరమ్మ అని మీ అమ్మ ముఖం ముడుచుకుందట కదా. ఇక్కడ 1976లోనే ఒప్పుకున్నారు. మనవాళ్ళేం తక్కువ? 2013లో నంద్యాలకి పుష్పలలిత గారిని బిషప్‌ని చేశారు. ఈ మాట మీ అమ్మకి నేనే ఫోన్‌లో చెప్తాలే.

ఇక ఆరాధన చప్పగా ఉందన్నావు. మన ఉపవాస కూడికల్లో గొంతు చించుకుని ప్రార్థించినవాళ్ళకి మొదట్లో అలాగే ఉంటుంది. ప్రతి వారం అవే మాటలు. నాకు ఏడాది పట్టింది. మా అమ్మ పోయిన వారం నోట మాట రాలేదు. అప్పుడు ఆ అచ్చు మాటలే నా బదులు ప్రార్థించాయి. ప్రభువు ప్రార్థన వచ్చినప్పుడు నేను ఇప్పటికీ "పరలోకమందున్న మా తండ్రీ" అనే అంటాను, మెల్లగా. పక్కనున్నవాళ్ళు ఎవరూ ఏమీ అనలేదు. ఒకావిడ మాత్రం ఇంకొంచెం గట్టిగా అనమంది, వినడానికి బావుందట.

స్వాగతం బోర్డు చూసి వీళ్ళు ఎప్పుడూ ఇలాగే ఉన్నారనుకోకు. మా ఫిలడెల్ఫియాలోనే ఆబ్సలోమ్ జోన్స్ అని, బానిసగా పుట్టినాయన, 1800ల తొలినాళ్ళలో ఈ సంఘంలో మొదటి నల్లజాతి ప్రీస్టు (గురువు) అయ్యాడు. ఆయన సంఘాన్ని మాత్రం డయాసిస్ (బిషప్ కింది సంఘాలన్నిటి) సభలో కూర్చోనివ్వడానికి దశాబ్దాలు పట్టింది. ఎవరైనా నీతో తేడాగా మాట్లాడితే మింగేసి ఊరుకోకు, పాస్టరమ్మకి చెప్పు.

చందా సంగతి. శరదృతువులో ప్లెడ్జ్ కార్డు ఇస్తారు, వచ్చే ఏడాదికి ఎంతివ్వగలవో రాయమని. మన కోతపండుగ వేలంలా అందరి ముందూ పాట పాడరు. తక్కువైనా ఫరవాలేదు, రాసిన మాట నిలబెట్టుకో. వార్షిక సభకి తప్పకుండా వెళ్ళు. వెస్ట్రీని, అంటే సంఘం కమిటీని, ఎన్నుకునేదీ, పైకప్పు రిపేరుకి ఎంతైందో తెలిసేదీ అక్కడే. కాస్త విసుగే, స్వెటర్ అల్లుకుంటూ కూర్చో.

మళ్ళీ బాప్తిస్మం తీసుకోవాలేమోనని భయపడకు, అక్కర్లేదు. మన పాస్టరుగారి దగ్గర బాప్తిస్మం, కన్ఫర్మేషన్ తేదీలున్న ఉత్తరం ఒకటి రాయించుకుని అక్కడి ఆఫీసులో ఇయ్యి. ఆ కాగితం ఇచ్చిన రోజే ఆల్టర్ గిల్డ్ ఎవరు చూస్తున్నారో కూడా అడుగు. మీ ఇంట్లో మంచి ఇస్త్రీపెట్టె లేకపోతే చెప్పు, నా పాతది పంపిస్తాను.

మీ అత్త