అమ్మానాన్నలతో అరకు: రైలా, కారా? ఎక్కడ ఉండాలి, ఏం తినాలి?

పెద్దవాళ్లతో వెళ్తున్నామని అడిగారు కాబట్టి, వెళ్లేటప్పుడు రైలు, వచ్చేటప్పుడు కారు అంటాను. విశాఖ నుంచి పొద్దున్నే బయలుదేరే కిరండూల్ రైలు సుమారు నాలుగు గంటల్లో అరకు చేరుస్తుంది. అద్దాల పైకప్పున్న విస్టాడోమ్ పెట్టెలో టికెట్లు త్వరగా అయిపోతాయి, ముందే తీసుకోండి. దొరక్కపోయినా టెన్షన్ వద్దు, మామూలు పెట్టెలో కిటికీ పక్క సీటు చాలు. సొరంగంలో చిమ్మచీకటి, బయటకు రాగానే కళ్లెదుట లోయ. మా అమ్మ ఆ దారంతా కిటికీ వదల్లేదు.

బొర్రా గుహల్లో మెట్లు చాలా ఎక్కువ, అందులోనూ తడిగా ఉంటాయి. మోకాళ్ల నొప్పులుంటే వాళ్లను బలవంతపెట్టకండి.

ఒక్క రాత్రయినా అరకులోనే ఉండండి. పర్యాటక శాఖవారి హరిత గదులు కుటుంబాలకు బాగుంటాయి. నవంబరు, డిసెంబరుల్లో వెళ్తే వలిసె పూలతో పొలాలన్నీ పసుపు పచ్చగా ఉంటాయి. చలి గట్టిగానే ఉంటుంది, స్వెటర్లు మరవద్దు.

బొంగు చికెన్ మాత్రం కళ్లముందు కాల్చినదే తినండి. మసాలా పట్టించిన ముక్కల్ని పచ్చి వెదురు బొంగులో కూరి, మూతికి ఆకులు కుక్కి నిప్పుల మీద పెడతారు. నూనె చుక్క వేయరు. బొంగు చీల్చగానే వచ్చే ఆ వాసన కోసమైనా కాసేపు ఆగాలి.

దారిలో చదవడానికి 1922లో మొదలైన మన్యం పోరాటం గురించి ఏదైనా పుస్తకం వెంట ఉంచుకోండి. కిటికీలోంచి ఆ కొండల్ని చూసే తీరే మారిపోతుంది.