పేటెంట్ వేసేదాకా ఎవరికీ చూపించకండి, వేశాక అందరికీ చూపించండి

మీ ప్రశ్న ఇది: "ఇంట్లో ఒక కొత్త పరికరం తయారు చేశాను. ఎవరికైనా చూపిస్తే కాపీ కొడతారని టెన్షన్‌గా ఉంది. పేటెంట్ తీసుకోవాలా? మామూలు మనిషి వల్ల అయ్యే పనేనా? ఖర్చెంత అవుతుంది?"

అవుతుందండి, తప్పకుండా అవుతుంది. కానీ ఖర్చు కంటే ముందు మీరు తెలుసుకోవాల్సిన విషయం ఒకటుంది. అది నాకు మా అమ్మ కుక్కర్ నేర్పింది.

నేను ఎలక్ట్రానిక్స్ ఇంజనీర్ని, చిన్న చిన్న సర్క్యూట్లు చేయడం పిచ్చి. అమ్మ తెనాలి నుంచి కూకట్‌పల్లిలో మా ఫ్లాట్‌కి వచ్చిన కొత్తలో ఇంట్లో రోజూ ఒకటే కేక: "ఒరేయ్, ఎన్ని విజిల్స్ వచ్చాయిరా?" పప్పుకి నాలుగు, శనగలకి ఏడు అని లెక్క పక్కాగా పెట్టుకుంటుంది. మధ్యలో ఫోన్ వస్తే లెక్క తప్పుతుంది. సరే, విజిల్స్ లెక్కపెట్టే యంత్రం నేనే చేస్తానన్నాను. ఒక చిన్న మైకు, చిన్న కంప్యూటర్ లాంటి ఆర్డుయినో బోర్డు ఒకటి, అంకె చూపించే చిన్న తెర. ఆదివారం సాయంత్రానికి తయారైంది.

సోమవారం పొద్దున పప్పు పెట్టింది అమ్మ. మా కుక్కర్ రెండుసార్లు కూసింది. తెర మీద అయిదు కనిపించింది. అపార్ట్‌మెంట్‌లో వంటింటి కిటికీలన్నీ ఒకే డక్ట్‌లోకి తెరుచుకుంటాయి కదా, పక్క ఫ్లాట్ కుక్కర్ విజిల్స్ కూడా కలిశాయి. "పక్కింటావిడ పప్పు మన లెక్కలో వేశావేంట్రా" అంది అమ్మ.

మూడు నెలలు దాని మీదే కూర్చున్నాను. శబ్దాన్ని బట్టి మా కుక్కర్‌ని గుర్తుపట్టే ప్రయత్నం చేశాను, కుదరలేదు. చివరికి మైకు తీసేశాను. పది రూపాయలకు దొరికే పీజో బిళ్ళ ఒకటి, బజర్లలో ఉంటుందే, గుండ్రంగా ఇత్తడి రంగులో, దాన్ని ఒక క్లిప్‌లో పెట్టి కుక్కర్ పిడి కింద బిగించాను. ఆవిరి వెయిట్‌ని లేపినప్పుడు పిడి సన్నగా వణుకుతుంది. ఆ వణుకుని బిళ్ళ పట్టుకుంటుంది. పక్కింటి కుక్కర్ ఎంత గట్టిగా కూసినా మన పిడి వణకదు. మొదటిసారి తెర మీద సరిగ్గా నాలుగు కనిపించి, టింగ్‌మని గంట మోగిన పొద్దున నాకు ఇంకా కళ్ళముందే ఉంది. స్టవ్ ముందు నిలబడి ఆ అంకెని ఫోటో తీసుకున్నాను.

తర్వాత దగ్గర్లోని ఒక బడిలో సైన్సు ప్రదర్శనకి పిలిస్తే పట్టుకెళ్ళాను. ఒక పత్రిక జిల్లా పేజీలో ఫోటోతో వార్త వచ్చింది. రాసినాయన శ్రద్ధగా రాశాడు: పిడి కింద ఏముంది, వణుకుని ఎలా లెక్కపెడుతుంది, అన్నీ నాలుగు వాక్యాల్లో స్పష్టంగా చెప్పాడు. అమ్మ ఆ కటింగ్‌ని లామినేషన్ చేయించింది.

ఎనిమిది నెలల తర్వాత పేటెంట్ ఆలోచన వచ్చింది. స్నేహితుడి ద్వారా ఒక పేటెంట్ ఏజెంట్ దగ్గరకు వెళ్ళాను. ఆవిడ అంతా ఓపిగ్గా విని, "ఇది ఇప్పటిదాకా ఎక్కడైనా చూపించారా?" అని అడిగారు. నేను సంబరంగా కటింగ్ తీసి బల్ల మీద పెట్టాను. ఆవిడ వార్త చదవలేదు, ముందు పైనున్న తేదీ చూశారు. తర్వాత నెమ్మదిగా, "దీన్ని మేం ప్రయర్ ఆర్ట్, అంటే ముందే బయటపడ్డ సంగతి, అంటామండి. మీ అప్లికేషన్‌కి అడ్డొచ్చే మొదటి కాగితం ఇదే" అన్నారు.

అప్లికేషన్ వేసిన తేదీకి ముందే ఒక విషయం ప్రపంచంలో ఎక్కడ బయటపడినా, చట్టం దృష్టిలో అది కొత్తది కాదు. బయటపెట్టింది మీరే అయినా అంతే. మన చట్టంలో సెక్షన్ 31 కింద కొంత మినహాయింపు ఉంది. ప్రభుత్వం ప్రత్యేకంగా నోటిఫై చేసిన ప్రదర్శనలో చూపిస్తే, లేదా విద్వత్ సభలో పత్రం చదివితే, 12 నెలల్లోపు అప్లికేషన్ వేసుకోవచ్చు. బడి ప్రదర్శన ఆ లెక్కలోకి రాదు.

ఆ రోజు చాలా బాధేసింది. ఇంటికొచ్చి ఈ రూల్ ఎందుకుందా అని చదవడం మొదలుపెట్టాను. అలా చదువుతూ ఈ చట్టం మీద నాకు ప్రేమ పుట్టింది. నిజంగానే చెబుతున్నాను.

పసుపు కేసు మీరు వినే ఉంటారు. పసుపుతో గాయాలు మాన్పే పద్ధతి మీద 1995లో అమెరికాలో పేటెంట్ ఇచ్చేశారు. మన ఇళ్ళలో దెబ్బ తగలగానే పసుపు అద్దే అమ్మమ్మలందరికీ తెలిసిన సంగతి అది. మన కేంద్ర ప్రభుత్వ పరిశోధన సంస్థ సీఎస్ఐఆర్ దాన్ని సవాలు చేసింది. "మా అమ్మమ్మకి తెలుసు" అంటే ఆఫీసు వినదు, అచ్చులో చూపించాలి. పాత గ్రంథాలతో పాటు 1953లో భారతీయ వైద్య పత్రికలో వచ్చిన వ్యాసం కూడా తీసి ముందు పెట్టారు. 1997లో ఆ పేటెంట్ రద్దయింది. అంటే నా అప్లికేషన్‌ని ఆపిన రూలే పసుపుని కాపాడింది. అందరికీ తెలిసిన దాన్ని ఒక్కడు సొంతం చేసుకోకూడదంటే, ఆ కొలబద్ద నాకూ వర్తించాలి. ఇది అర్థమయ్యాక ఆ కటింగ్ మీద కోపం పోయింది.

ఇంకో ముచ్చట. పేటెంట్ అన్న మాటకి లాటిన్‌లో మూలార్థం 'తెరిచి ఉన్నది' అట. రాజుగారు అందరూ చదువుకునేలా, సీలుతో మూసేయకుండా తెరిచి ఇచ్చే పత్రం నుంచి వచ్చింది. మనమేమో పేటెంట్ అంటే తాళం అనుకుంటాం. అసలు ఒప్పందం ఏమిటంటే, నీ పరికరం ఎలా పనిచేస్తుందో ఆ పని తెలిసినవాడు చదివి చేసుకోగలిగేంత వివరంగా రాసివ్వు, అప్లికేషన్ తేదీ నుంచి 20 ఏళ్ళు ఆ హక్కు నీది, ఆ తర్వాత అది లోకానిది. ఎంత చక్కటి బేరం! మన పక్క ఎన్ని నాటు వైద్యాలు, ఎన్ని చేతిపనుల కిటుకులు తండ్రి కొడుక్కి కూడా చెప్పకుండా వెళ్ళిపోతే మట్టిలో కలిసిపోయాయో తలచుకుంటే ఈ బేరం విలువ తెలుస్తుంది.

దీని ఫలం నా బల్ల మీదే ఉంది. కుక్కర్ క్లిప్‌ని నేను ఇంట్లో 3డీ ప్రింటర్ మీద చేసుకున్నాను. ప్లాస్టిక్ తీగని కరిగించి పొర మీద పొర పోసే ఆ పద్ధతికి స్కాట్ క్రంప్ అనే అమెరికన్ 1989లో పేటెంట్ వేశారు, ఆయన పెట్టిన కంపెనీ స్ట్రాటసిస్. 2009లో గడువు తీరింది. అంతకుముందు ఆ రకం యంత్రాలు పెద్ద కంపెనీలు మాత్రమే కొనగలిగినవి. ఆ తర్వాత ప్రపంచమంతా ఔత్సాహికులు చవక ప్రింటర్లు తయారుచేసి అమ్మడం మొదలుపెట్టారు. గడువు తీరిన పేటెంట్లు చదవడం అప్పటినుంచి నాకు అలవాటైంది. బొమ్మలతో సహా ఉచితంగా దొరికే ఇంజనీరింగ్ పాఠాలు అవి.

చదివేటప్పుడు నవ్వొచ్చేవీ తగులుతాయి. 2001లో ఆస్ట్రేలియాలో ఒకాయన చక్రానికి పేటెంట్ సంపాదించాడు! అక్కడ అప్పట్లో కొత్తగా తెచ్చిన ఒక రకం పేటెంట్‌ని లోతుగా పరీక్షించకుండానే ఇచ్చేవారు, ఆ లోపం చూపించడానికే ఆయన వేశాడు. 1995లో అమెరికాలో లేజర్ చుక్కతో పిల్లిని పరిగెత్తించే పద్ధతికి ఇచ్చారు. 2002లో అక్కడే ఉయ్యాల మీద ముందుకీ వెనక్కీ కాకుండా పక్కలకి ఊగే పద్ధతికి ఇచ్చారు, అదీ ఒక చిన్న పిల్లాడి పేరు మీద. ఇవి చూసి చాలామంది ఈ చట్టమే దండగంటారు. నేను ఒప్పుకోను. ఒక ఆఫీసు లక్షల కాగితాలు చూస్తుంటే కొన్ని జారిపోతాయి, జారినవాటిని రద్దు చేసే దారి చట్టంలోనే ఉంది. మన 1970 చట్టంలో సెక్షన్ 3 ఉంది చూడండి, ఏవి ఆవిష్కరణలు కావో వరుసగా చెబుతుంది. ప్రకృతి నియమాలకు విరుద్ధమైనవి కావు, వ్యవసాయ పద్ధతులు కావు, సంప్రదాయ విజ్ఞానం కాదు, కంప్యూటర్ ప్రోగ్రామ్ దానంతట అదిగా కాదు. ప్రోగ్రాములు రాసేవాడిగా ఆ చివరిది నాకు చాలా ఇష్టం. ఒక్కటే నా ఫిర్యాదు, ఎలక్ట్రానిక్స్‌లో 20 ఏళ్ళంటే మరీ ఎక్కువ. పదేళ్ళయితే బాగుండేది.

"మామూలు మనిషి వల్ల అవుతుందా" అన్నారు కదా, దానికి నా జవాబు చింతకింది మల్లేశం గారు. ఆలేరు ప్రాంతంలో చేనేత కుటుంబం. పోచంపల్లి చీరకి రంగులద్దే ముందు 'ఆసు' పోస్తారు, దారాన్ని మేకుల చుట్టూ తిప్పుతూ పోవాలి. ఒక్క చీరకి చెయ్యి సుమారు 9,000 సార్లు ఆడాలి. ఆ పని చేసే అమ్మ లక్ష్మి గారి భుజం నొప్పి చూడలేక ఆయన యంత్రం చేయడానికి పూనుకుని, ఏళ్ళ తరబడి కష్టపడి 1999కి పూర్తిచేశారు. గంటల పని గంటన్నరకి తగ్గింది. పెద్ద చదువు లేదు, ఇంజనీరింగ్ డిగ్రీ లేదు. యంత్రానికి అమ్మ పేరే పెట్టి లక్ష్మీ ఆసు యంత్రం అన్నారు. దానికి పేటెంట్ వచ్చింది, 2017లో పద్మశ్రీ వచ్చింది.

ఇందులో ఇంకో అందం గమనించండి. యంత్రం మీద వచ్చే పేటెంట్ హక్కు ఒక్కరిది, 20 ఏళ్ళకు తీరిపోతుంది. 'పోచంపల్లి ఇక్కత్' అన్న పేరు మీద హక్కు మాత్రం ఆ ప్రాంతపు నేతగాళ్ళందరిదీ, అది జీఐ, అంటే భౌగోళిక గుర్తింపు, 2005 నుంచీ ఉంది, పునరుద్ధరించుకుంటూ పోతే ఎన్నేళ్ళైనా ఉంటుంది. మన తిరుపతి లడ్డూకి, బంగినపల్లి మామిడికి ఉన్నదీ అదే. మీరు మీ పరికరానికి పెట్టుకునే పేరుకి కావాల్సింది ట్రేడ్‌మార్క్, దాని అప్లికేషన్ వేరు. ఈ మూడింటినీ కలిపేసి 'పేటెంట్' అనేయడం మనకు అలవాటు, అందుకే చెబుతున్నాను.

ఇక మీ సంగతి. ముందు రెండు సాయంత్రాలు కేటాయించి గూగుల్ పేటెంట్స్‌లోనూ, మన పేటెంట్ ఆఫీసు వాళ్ళ ఇన్‌పాస్ సైట్‌లోనూ వెతకండి. మీలాంటిది ముందే ఉంటే నీరసపడకండి, చివర్లో 'క్లెయిమ్స్' అన్న భాగం చదవండి. హక్కంతా అక్కడ రాసినంతవరకే. మైకుతో విజిల్స్ లెక్కపెట్టేవి నాకంటే ముందు ఉన్నాయి. మీది వాటికంటే ఎక్కడ వేరో ఒక్క వాక్యంలో రాయగలిగితే ముందుకు వెళ్ళండి.

తర్వాత ప్రొవిజనల్, అంటే తాత్కాలిక అప్లికేషన్ వేయండి. పరికరం పూర్తిగా నునుపుదేలక్కర్లేదు, ఆలోచన వివరంగా ఉంటే చాలు. వ్యక్తిగా ఆన్‌లైన్‌లో వేస్తే ప్రభుత్వ ఫీజు 1,600 రూపాయలు. మన రెండు తెలుగు రాష్ట్రాలూ చెన్నై పేటెంట్ ఆఫీసు కిందకి వస్తాయి. ఆ తేదీ మీ చేతికొచ్చాక ఇక భయం లేకుండా చూపించండి, అమ్మండి, తిట్లూ మెచ్చుకోళ్ళూ వినండి. 12 నెలల్లోపు కంప్లీట్ స్పెసిఫికేషన్, అంటే పూర్తి వివరాల పత్రం వేయాలి, ఆ గడువు దాటితే అప్లికేషన్ పోయినట్టే, క్యాలెండర్ మీద ఎర్ర ఇంకుతో రాసుకోండి. పరీక్షించమని విడిగా అడగాలి, వ్యక్తులకు దాని ఫీజు 4,000, మొదటి తేదీ నుంచి 31 నెలల్లోపు. అడగకపోతే వాళ్ళంతట వాళ్ళు చూడరు. క్లెయిమ్స్ రాయడానికి మాత్రం ఏజెంట్‌ని పెట్టుకోండి, వాళ్ళ ఫీజు ప్రభుత్వ ఫీజు కంటే చాలా ఎక్కువే ఉంటుంది, అయినా అక్కడ పొదుపు చేయకండి. ఇక్కడ వచ్చిన పేటెంట్ మన దేశంలోనే చెల్లుతుందని కూడా గుర్తుంచుకోండి.

అప్లికేషన్ వేసేలోపు మాత్రం వాట్సాప్ స్టేటస్‌లో కూడా ఫోటో పెట్టకండి. తప్పనిసరిగా ఎవరికైనా చూపించాల్సి వస్తే, రహస్యంగా ఉంచుతామని కాగితం మీద సంతకం తీసుకోండి.

మా కుక్కర్ క్లిప్ అయిదేళ్ళుగా అమ్మ వంటింట్లో పనిచేస్తూనే ఉంది. పేటెంట్ లేదు కాబట్టి దాని సర్క్యూట్, క్లిప్ డిజైన్ రెండూ అడిగినవాళ్ళందరికీ ఇచ్చేశాను. డక్ట్‌కి అవతలున్న పక్కింటావిడకి కూడా ఒకటి చేసిచ్చాను.

మీ పరికరం ఏమిటో నన్ను ఇప్పుడు అడగనివ్వకండి. ప్రొవిజనల్ నంబర్ వచ్చాక ఇక్కడే కింద ఫోటో పెట్టండి. చూడాలని చాలా ఉంది.