పాఠకుల ప్రశ్నలు: లఘుచిత్రం చూసినవాళ్లు చెప్పిన మాటలను ఎలా చదవాలి?

ప్రశ్న: చివరి సంవత్సరం ప్రాజెక్టుగా 9 నిమిషాల లఘుచిత్రం తీశాను. పైచదువుకు సీటు వచ్చినట్టు తెలిపే ఉత్తరం కోసం ఎదురుచూసే అక్క, ఆమె వెళ్లిపోతుందన్న భయంతో ఆ ఉత్తరాన్ని దాచేసే తమ్ముడు, ఇదీ కథ. చివరి దృశ్యంలో ఆ ఉత్తరం తమ్ముడి మంచం కింది పెట్టెలో అక్కకు దొరుకుతుంది. ఆమె ఏమీ అనకుండా దాన్ని మళ్లీ అక్కడే పెట్టేస్తుంది. 23 మందికి చూపించి ఫారాలు నింపించాను. 5కు సగటున 4 మార్కులు పడ్డాయి గానీ, వాళ్లు రాసిన మాటలు చదివితే నాకు దిక్కు తోచడం లేదు. వంటింటి దృశ్యం సాగదీశారని ఎక్కువమంది రాశారు. ముగింపు అర్థం కాలేదని, ఫ్లాష్‌బ్యాక్ పెట్టి ఉండాల్సిందని కొందరన్నారు. 9 మందైతే వాళ్లిద్దరినీ భార్యాభర్తలనుకున్నారు. సంగీతం మాత్రం అందరికీ నచ్చింది. వీటిలో దేన్ని పట్టించుకోవాలి, దేన్ని వదిలేయాలి? ప్రేక్షకుల స్పందన నుంచి ఏం నేర్చుకున్నానో ప్రాజెక్టు నివేదికలో కూడా రాయాలి.
– ఒక విద్యార్థిని

సమాధానం: మీ ఉత్తరాన్ని పక్కన పెట్టి, ముందుగా మీరు జతచేసిన చిత్రాన్ని చూశాను. కథ తెలిసిన తరువాత చూస్తే ఎవరైనా తమకు తెలియకుండానే దర్శకుడి పక్షాన చేరిపోతారు. తెర మీద లేనిది కూడా ఉన్నట్టే తోస్తుంది. అలా ఏమీ తెలియకుండా చూసినప్పుడు నేను కూడా మూడో నిమిషం దాకా వాళ్లను దంపతులనే అనుకున్నాను. కాబట్టి ఆ 9 మందిని అజాగ్రత్తపరులుగా లెక్కకట్టకండి.

0.38 దగ్గర, అంటే 38వ సెకనులో, తమ్ముడు గుమ్మంలో నిలబడి ‘అక్కా’ అని పిలుస్తాడు. చిత్రం మొత్తంలో అతడు వరుస పెట్టి పిలిచింది ఆ ఒక్కసారే. సరిగ్గా అక్కడే వయొలిన్ పైకి లేస్తుంది. హెడ్‌ఫోన్లు పెట్టుకుని వింటే ఆ పిలుపు తెలుస్తూనే ఉంది. ఫోను స్పీకరులో వింటే చివరి దీర్ఘం తప్ప మరేమీ చెవిని పడదు. ఆ మాట అక్కడ ఉందని మీకు తెలుసు, ఎడిటింగులో లెక్కలేనన్నిసార్లు విన్నారు, అందుచేత సంగీతం ఎంత మింగినా మీ చెవి దాన్ని పూరించుకుంటుంది. మొదటిసారి వినేవాడికి ఆ సౌకర్యం లేదు. సంగీతం అందరికీ నచ్చిందన్న మాటను మీరు మెచ్చుకోలుగానే తీసుకున్నారు. నేనైతే దాన్ని కొంచెం అనుమానంగా చూస్తాను, ఎందుకంటే అందరూ మెచ్చుకున్న ఆ వయొలినే కథకు ఆధారమైన మాటను కమ్మేసింది.

ఇక వంటింటి దృశ్యానికి వద్దాం. దాని నిడివి 1 నిమిషం 40 సెకన్లు. అక్క కంచాలు సర్దుతూ ‘ఇవాళ కూడా ఏమీ రాలేదా?’ అని అడుగుతుంది. తమ్ముడు తల ఎత్తడు. అతడు తమ్ముడనీ, ఉత్తరం దాచాడనీ తెలిసినవాడికి ఆ తల ఎత్తకపోవడమే పెద్ద సంఘటన, ఇంకో అర నిమిషం ఉన్నా కదలకుండా చూస్తాడు. తెలియనివాడికి అది ఏదో అలిగిన భర్త, ఏదో పనిలో ఉన్న భార్య. చూడడానికి అందులో ఏమీ లేదు, కాబట్టి సాగదీశారంటాడు. మీరు ఆ మాట నమ్మి దృశ్యాన్ని సగానికి కోస్తే, అర్థం కాని దృశ్యం పొట్టిదవుతుందే తప్ప అర్థం కాదు. పైగా చిత్రంలో నటన బాగా పండినది అక్కడే.

ముగింపు సంగతి కూడా అంతే. ఉత్తరం దాచే షాటును లెక్కపెట్టి చూశాను: 20 ఫ్రేములు. సెకనుకు 24 ఫ్రేములు నడిచే చిత్రంలో అది ఒక సెకనుకు కూడా తక్కువ. అంతకంటే ముఖ్యమైన చిక్కు ఏమిటంటే, అదే షాటులో తమ్ముడి ముఖం కూడా ఉంది. ఫ్రేములో మనిషి ముఖం ఉంటే ప్రేక్షకుడి కన్ను సాధారణంగా ముందు దాని మీదికే పోతుంది. అక్కడి నుంచి కిందికి దిగి చేతిని చేరేలోపు మీరు కట్ చేసేశారు. దాచడం చూడనివాడికి చివర్లో పెట్టె తెరుచుకుంటే ఏం గుర్తుకొస్తుంది? అందుకే ఫ్లాష్‌బ్యాక్ అడిగాడు. తనకు ఏదో అందలేదని అతడు చెప్పింది అక్షరాలా నిజం. దానికి అతడు సూచించిన విరుగుడు మాత్రం మీ చిత్రానికి హాని చేస్తుంది. అక్క ఏమీ అనకుండా ఉత్తరాన్ని తిరిగి పెట్టేసే చోట ఫ్లాష్‌బ్యాక్ వస్తే ఆమె మౌనానికి విలువ ఉండదు.

కాబట్టి 3 ఫిర్యాదులకు మూలం చిత్రం మొదటి 2 నిమిషాలలోనే ఉంది. ప్రేక్షకుడు ఫిర్యాదు చేసే చోటు సాధారణంగా అతడికి ఓపిక అయిపోయిన చోటే గాని తప్పు జరిగిన చోటు కాదు. ఎవరైనా ఐదో నిమిషం గురించి ఏదైనా అంటే, అక్కడి నుంచి వెనక్కి నడుచుకుంటూ వెళ్లి, ఆ క్షణానికి అతడికి ఏమేం తెలిసి ఉండాలో, అందులో ఏది అందలేదో చూసుకోవాలి.

ప్రఖ్యాత దర్శకులకు కూడా ఇదే పని పడింది. 1950లో విడుదలైన ‘సన్‌సెట్ బులవార్డ్’ మొదట శవాగారంలో మొదలయ్యేది. అక్కడి శవాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయి. ముందస్తు ప్రదర్శనలో ప్రేక్షకులు ఆ దృశ్యానికి పగలబడి నవ్వారు. దర్శకుడు బిల్లీ వైల్డర్ శవాగారాన్ని తీసేశాడు గానీ, చనిపోయిన మనిషి తన కథ తానే చెప్పడమన్న ఆలోచనను వదులుకోలేదు. ఆ నవ్వు మొత్తం ఆలోచన మీద కాదనీ, దాన్ని మొదలుపెట్టిన తీరు మీదనీ గ్రహించడం దర్శకుడి వంతు. ప్రేక్షకుల వంతు నవ్వడంతోనే అయిపోయింది.

మీరు చేయవలసినది చాలా తక్కువ. 0.38 దగ్గర సంగీతం స్థాయి తగ్గించండి, లేదా వయొలిన్‌ను ఆ పిలుపు అయిపోయాక మొదలుపెట్టండి. రికార్డింగులోనే ఆ మాట బలహీనంగా ఉంటే, నటుడి చేత ఆ ఒక్క పిలుపు డబ్బింగు చెప్పించండి. వంటింట్లో కూడా ఒకసారి ‘అక్కా’ అనిపిస్తే నష్టమేమీ లేదు. అతడు తల ఎత్తడు గనుక పెదవుల కదలికతో కూడా ఇబ్బంది రాదు. ఇక ఉత్తరం దాచే చేతిని మాత్రం దగ్గరి షాటుగా మళ్లీ తీయండి. ముఖం కనబడనవసరం లేదు కాబట్టి ఆ నటుడే దొరకాలని కూడా లేదు; అదే చొక్కా, అదే దిక్కు నుంచి పడే వెలుగు, ఇంచుమించు అదే చేయి ఉంటే చాలు. ఆ షాటును రెండు సెకన్లయినా నిలపండి.

నివేదిక విషయంలో ఒక హెచ్చరిక. ‘ప్రేక్షకుల అభిప్రాయం ఎంతో విలువైనదని తెలుసుకున్నాను’ వంటి వాక్యం చిత్రం తీయకుండా కూడా రాయవచ్చు. సగటు 4 అన్న అంకెకు ఒక్క పంక్తి చాలు. మొహమాటం ఎంత, మెప్పు ఎంత అన్నది అందులో తేలదు. దానికి బదులు ఆ 9 మంది పొరపాటును పట్టుకోండి. ప్రేక్షకుడికి ఏం తెలియాలని మీరు అనుకున్నారు, అతడికి ఏం తెలిసింది, ఆ తేడా ఏ షాటులో, ఏ శబ్దంలో పుట్టింది, దాన్ని ఎలా సరిచేశారు, సరిచేసిన ప్రతిని చూసిన కొత్తవాళ్లు ఏమన్నారు, ఈ వరసలో రాస్తే ఒక్క ఉదాహరణతోనే రెండు పేజీలు నిండుతాయి. ఫ్లాష్‌బ్యాక్ సలహాను ఎందుకు తీసుకోలేదో కూడా కారణంతో సహా రాయండి. కాదన్న సలహాకు కారణం చెప్పగలిగిన విద్యార్థి తన చిత్రాన్ని అర్థం చేసుకున్నట్టు పరీక్షకులకు తెలుస్తుంది. సరిచేసిన ప్రతిని మాత్రం ఆ 23 మందికే మళ్లీ చూపించకండి. వాళ్లకు ఇప్పుడు కథ తెలుసు.

ప్రశ్న: మా బృందం తీసిన చిత్రం ఇంకా ఎడిటింగులో ఉంది. అంతా పూర్తయ్యాక చూపించడం మంచిదా, ఇప్పుడే చూపించాలా? చూసేవాళ్లంతా స్నేహితులే కావడంతో ‘బాగుంది’ తప్ప మరో మాట రావడం లేదు.
– ఒక విద్యార్థి

సమాధానం: ఇప్పుడే చూపించండి. పిక్చర్ లాక్ చేసి, అంటే ఇక షాట్లు మార్చకూడదని ఖాయం చేసుకుని, దాని మీద సౌండ్ మిక్సింగు, కలర్ గ్రేడింగు (రంగులు సరిచేయడం) అయిపోయాక ఒక షాటును అర సెకను కత్తిరించాలన్నా ఆ తరువాతి పనంతా కదుపుకోవాలి. అప్పుడు ఎవరేం చెప్పినా వినబుద్ధి కాదు. రఫ్ కట్ (తొలి కూర్పు) దశలో మాట వినే ఓపిక ఉంటుంది. ‘శబ్దం, రంగులు ఇంకా పూర్తి కాలేదు’ అన్నంత వరకే ముందు చెప్పండి, కథ గురించి ఒక్క ముక్క కూడా చెప్పకండి. ‘ఇక్కడ అసలు ఉద్దేశం ఏమిటంటే’ అని దర్శకుడు గొంతు సవరించుకోగానే ఆ ప్రదర్శన వృథా అయిపోయినట్టే.

ఒక చిత్రాన్ని ఏ మనిషైనా మొదటిసారి చూసేది ఒక్కసారే కాబట్టి మీకున్న ప్రేక్షకులందరినీ ఒకే రోజు కూర్చోబెట్టకండి. ఐదారుగురికి చూపించి, సరిచేసి, తరువాత మరో ఐదారుగురికి చూపించండి. చూపించేటప్పుడు మీరు తెర వైపు కాకుండా వాళ్ల వైపు చూడగలిగే చోట, పక్కగా కూర్చోండి. ఎవరు ఏ నిమిషంలో కుర్చీలో కదిలారు, ఎప్పుడు ఫోను తీశారు, నవ్వాల్సిన చోట కాక ఎక్కడ నవ్వారు అన్నది సమయంతో సహా రాసుకోండి. మర్యాద కోసం మాట మార్చినంత తేలికగా మనిషి తన ఒంటిని అదుపు చేసుకోలేడు.

స్నేహితుల మొహమాటాన్ని వదిలించాలంటే ‘నచ్చిందా?’ అని అడగడం మానేయాలి. కథను సొంత మాటల్లో చెప్పమనండి; నాయకుడికి ఏం కావాలి, ముగింపును ఎక్కడ ఊహించారు, ఏ చోట ఎవరు ఎవరో తెలియలేదు అని అడగండి. వీటికి ‘బాగుంది’ అన్నది జవాబు కాదు. జవాబులు ముందుగా కాగితం మీద రాయించి, ఆ తరువాతే చర్చ పెట్టండి, లేకపోతే మొదట నోరు తెరిచినవాడి అభిప్రాయమే గదిలో అందరి అభిప్రాయమూ అయిపోతుంది. తోటి సినిమా విద్యార్థులు లెన్సు గురించి, రంగుల గురించి చక్కగా చెబుతారు. అది వేరే పనికి ఉపయోగం. కథ అందిందా లేదా అన్నది సినిమా చదవనివాళ్లను అడగాలి.

ప్రశ్న: మా చిత్రం విషాదంతో ముగుస్తుంది. చూసినవాళ్లలో ఎక్కువమంది ముగింపు మార్చమంటున్నారు, మా గైడు గారు మార్చవద్దంటున్నారు. ఎవరి మాట వినాలి?
– మరో విద్యార్థి

సమాధానం: మార్చమన్నవాళ్లు అర్థం కాక అన్నారా, బాధ కలిగి అన్నారా అన్నది ముందు తేల్చుకోండి. అర్థం కాకపోతే అది మీ లోపం, గైడు గారు వద్దన్నా సరిదిద్దవలసిందే. బాధ కలగాలనే మీరు తీసి ఉంటే, బాధగా ఉందని వాళ్లు అనడం మీ చిత్రం పని చేసిందనడానికి సాక్ష్యం.

ఎక్కువమంది అన్నారని తలొగ్గితే ఏమవుతుందో 1942లో విడుదలైన ఆర్సన్ వెల్స్ చిత్రం ‘ది మాగ్నిఫిసెంట్ ఆంబర్సన్స్’ చరిత్ర చెబుతుంది. ఆ ఏడాది మార్చిలో కాలిఫోర్నియాలోని పొమోనాలో దాని ముందస్తు ప్రదర్శన ఒక సరదా సంగీత చిత్రం తరువాత జరిగింది. నవ్వుకుంటూ కూర్చున్న జనానికి ఒక కుటుంబం పతనమయ్యే కథ చూపిస్తే అభిప్రాయాల కార్డుల మీద ఏం రాస్తారో ఊహించుకోవచ్చు. ఎక్కువమంది దుమ్మెత్తిపోశారు, గొప్ప చిత్రమని రాసినవాళ్లు కొద్దిమందే. వెల్స్ బ్రెజిల్‌లో ఉండగా స్టూడియో 40 నిమిషాలకు పైగా కోసేసి, ఆశాజనకమైన కొత్త ముగింపు తీయించి, 88 నిమిషాల చిత్రంగా విడుదల చేసింది. కోసేసిన భాగాలను తరువాత నాశనం చేశారు. అవి ఇంతవరకూ దొరకలేదు.

కొత్త ముగింపు ఎలా ఉంటుందో చూడాలని మీకే అనిపిస్తే ప్రయత్నించడంలో తప్పేమీ లేదు. ఇప్పటి టైమ్‌లైన్‌ను (ఎడిటింగులో పేర్చిన షాట్ల వరుసను) వేరే పేరుతో, తేదీ వేసి, మరో హార్డ్ డిస్కులో కూడా భద్రపరచి, కొత్త ప్రతిని నకలు మీద కట్ చేయండి. రెండు ప్రతులనూ ఒకే మనిషికి చూపించి ఏది మేలని అడగకుండా, ఒక్కో ప్రతిని ఒక్కో కొత్త బృందానికి చూపించండి. మరునాడు వాళ్లకు ఫోను చేసి కథ చెప్పమనండి. ఏ ముగింపు ఎంతవరకు గుర్తుందో రాసుకుని, ఆ కాగితాలతో గైడు గారి దగ్గరికి వెళ్లండి.