నెలకు రెండు రోజులేనా? అమెరికాలో నేషనల్ గార్డ్‌లో చేరదామనుకునే మన ఒడిశా సరిహద్దు ఊళ్ల పిల్లలకు

గుణుపూరు నుంచి ఒక తమ్ముడు అడిగాడు: "అన్నయ్యా, ఆగస్టులో ఎంఎస్‌కి వస్తున్నాను. నెలకు రెండు రోజులు ఆర్మీ ట్రైనింగ్‌కి వెళ్తే ఫీజు వాళ్లే కడతారట, గ్రీన్ కార్డు కూడా ఇస్తారట, నిజమేనా?" ఇదే ప్రశ్న రాయగడ నుంచీ బరంపురం నుంచీ కూడా వస్తోంది, అందుకే ఒకేసారి వివరంగా రాస్తున్నాను. మాది పర్లాకిమిడి. 2014లో అమెరికా వెళ్లాను. 2016 నుంచి నార్త్ కరోలినా నేషనల్ గార్డ్‌లో ఉన్నాను. రోజూ వెళ్లే ఉద్యోగం వేరే ఉంది, ఇద్దరు పిల్లలు.

ముందు ఆ తమ్ముడికి జవాబు. నిజం కాదు. స్టూడెంట్ వీసా మీద ఉన్నవాళ్లు, హెచ్1బీ మీద ఉన్నవాళ్లు చేరలేరు. అమెరికా సిటిజన్ అయినా అయ్యుండాలి, గ్రీన్ కార్డయినా చేతిలో ఉండాలి. 2009లో మావ్నీ అని ఒక పథకం మొదలుపెట్టి, కొన్ని భాషలు వచ్చినవాళ్లనూ వైద్యం చదివినవాళ్లనూ వీసా మీద ఉన్నా తీసుకున్నారు, 2016లో దాన్ని ఆపేశారు. అప్పుడు చేరినవాళ్ల కబుర్లే ఇప్పటికీ ఊళ్లో తిరుగుతున్నాయి. ఆర్మీ దారిలో గ్రీన్ కార్డు ఇప్పిస్తామని ఎవరైనా డబ్బు అడిగితే ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి. నా సంగతి వేరు, మా ఆవిడ అమెరికాలోనే పుట్టి పెరిగింది, పెళ్లయ్యాక నేను గ్రీన్ కార్డు మీదే వెళ్లాను.

ఇక గ్రీన్ కార్డు ఉన్నవాళ్ల కోసం. మన దగ్గర టెరిటోరియల్ ఆర్మీ ఉంది కదా, ఉద్యోగం చేసుకుంటూనే ఏడాదిలో కొన్నాళ్లు యూనిఫాం వేసుకునేది, అక్కడ గార్డూ రిజర్వూ ఇంచుమించు అలాంటివే. రిజర్వ్ పూర్తిగా కేంద్రం చేతిలో ఉంటుంది. గార్డ్ మామూలు రోజుల్లో రాష్ట్ర గవర్నర్ కింద ఉంటుంది, తుఫానొస్తే గవర్నర్ పిలుస్తాడు, కేంద్రం పిలిస్తే దేశం దాటి కూడా వెళ్లాలి. నెలకో వీకెండ్ (దాన్నే డ్రిల్ అంటారు), ఏడాదికి రెండు వారాలు అని ప్రకటనల్లో చెప్పేది అబద్ధమేమీ కాదు, కాకపోతే అది మూడో మెట్టు. మొదటి మెట్టు పది వారాల బేసిక్, అంటే సైనికుడి తొలి శిక్షణ, రెండోది మీకిచ్చిన పనికి సంబంధించిన శిక్షణ, అది పనిని బట్టి నెలలో అయిపోవచ్చు, ఏడాదీ పట్టవచ్చు. నేను బేసిక్ సౌత్ కరోలినాలో ఫోర్ట్ జాక్సన్‌లో చేశాను, సప్లై పని వర్జీనియాలో ఫోర్ట్ లీలో నేర్చుకున్నాను. దాదాపు ఐదు నెలలు ఇంట్లో లేను, అప్పటికి మా పెద్దాడికి ఏడాది. వాడి మొదటి అడుగులు నేను చూడలేదు. ఇంకోటి, మొదటి సంతకం మొత్తం ఎనిమిదేళ్లకు. నాది ఆరేళ్లు డ్రిల్, మిగతా రెండేళ్లు పిలిస్తే రావలసినవాళ్ల జాబితాలో పేరు. రిక్రూటర్, అంటే మిమ్మల్ని చేర్పించే ఉద్యోగి, మంచివాడే అయ్యుండవచ్చు, అయినా ఆయన నోటితో చెప్పిన బోనస్ గానీ, పని గానీ, ఊరు గానీ ఒప్పందం కాగితం మీద లేకపోతే లేనట్టే అనుకోండి.

ఆ రెండు రోజుల లెక్క కూడా చెబుతాను. శుక్రవారం ఆఫీసు నుంచి వచ్చి సంచి సర్దుకుని రెండు గంటలు కారు నడుపుతాను, శనివారం తెల్లవారకముందే లైన్లో నిలబడాలి, ఆదివారం రాత్రి ఇల్లు చేరేసరికి పిల్లలు నిద్రపోయి ఉంటారు, సోమవారం పొద్దున మళ్లీ ఆఫీసు. ముందు వారం ఐదు రోజులు, ఈ రెండు, తర్వాతి ఐదు కలిపితే వరసగా పన్నెండు రోజులు ఊపిరి తీసుకోవడానికి ఉండదు. ఇది తెలియక చాలామంది కుర్రాళ్లు డ్రిల్ తర్వాతి సోమవారమే అసైన్‌మెంటో ప్రాజెక్టు రిలీజో పెట్టుకుని అవస్థ పడతారు.

ఉద్యోగం విషయంలో చట్టం మన వైపే ఉంది. 1994లో వచ్చిన యూసెర్రా అనే చట్టం ప్రకారం డ్రిల్‌కి, శిక్షణకి యజమాని సెలవు ఇవ్వనని అనడానికి లేదు, మీ సొంత సెలవులే వాడుకోమని బలవంతపెట్టడానికీ లేదు. ఒకే యజమాని దగ్గర సైన్యం పని మీద మొత్తం ఐదేళ్ల దాకా వెళ్లవచ్చు, నెలనెలా డ్రిల్, ఏటా రెండు వారాల శిక్షణ ఆ లెక్కలోకి రావు, తిరిగొస్తే ఉద్యోగం ఉండాలి. కానీ ఆ రోజులకు జీతం ఇవ్వాలని చట్టంలో లేదు, కొన్ని కంపెనీలు ఇస్తాయి, చాలావి ఇవ్వవు. తిరిగి చేరడానికి గడువులున్నాయి, ఇవి గుర్తుపెట్టుకోండి: 30 రోజుల్లోపు డ్యూటీ అయితే ఇల్లు చేరి 8 గంటలు విశ్రాంతి తీసుకున్నాక వచ్చే మొదటి షిఫ్టుకే వెళ్లాలి, 31 నుంచి 180 రోజులైతే 14 రోజుల్లో, అంతకు మించితే 90 రోజుల్లో మళ్లీ చేరతానని అడగాలి. నా మొదటి ఉద్యోగంలో ఆదివారం డ్రిల్ ఉందని గురువారం సాయంత్రం చెప్పాను. మేనేజర్ మొహం మాడ్చుకున్నాడు, ఆరు నెలల పాటు మంచి పనేదీ నాకు రాలేదు. చట్టం నా పక్కనే ఉంది, తప్పు కూడా నాదే. గార్డ్ శిక్షణ సంవత్సరం అక్టోబర్‌తో మొదలవుతుంది, తేదీల పట్టిక ముందే ఇస్తారు. అది చేతికి రాగానే ఏడాది తేదీలన్నీ మేనేజర్‌కి ఈమెయిల్ పంపండి. నోటిమాట చాలని చట్టం అంటుంది, అయినా రాసే ఇవ్వండి. గొడవ వచ్చిందంటే ముందు ఈఎస్‌జీఆర్ అనే సంస్థ ఉంది, 1972 నుంచి ఇదే పని మీద ఉంది, డబ్బు తీసుకోకుండా మధ్యవర్తిత్వం చేస్తుంది. కన్సల్టెన్సీ ద్వారా కాంట్రాక్టు మీద పనిచేసే మనవాళ్లు ఒకటి తెలుసుకోవాలి, ప్రాజెక్టు దానంతటదే ముగిసిపోతే కొత్త ప్రాజెక్టు తెచ్చి ఇవ్వడం చట్టం పని కాదు. రెండు మూడు నెలల ఖర్చు బ్యాంకులో పెట్టుకున్నాకే బేసిక్‌కి వెళ్లండి.

చదువు దగ్గర యూసెర్రా పనిచేయదు, అది ఉద్యోగానికే. నెల దాటిన డ్యూటీకి వెళ్లొస్తే కాలేజీ తిరిగి చేర్చుకోవాలి గానీ, వీకెండ్ డ్రిల్‌లో పడ్డ పరీక్ష మార్చాలా వద్దా అన్నది చాలాచోట్ల ప్రొఫెసర్ దయ. నేను సాయంత్రం క్లాసులు చదువుతున్నప్పుడు ఒక ఆన్‌లైన్ పరీక్ష శనివారం రాత్రి 11:59తో మూసేస్తారని చూసుకోలేదు. ముప్ఫై మంది పడుకున్న హాల్లో బూట్లు విప్పకుండానే మంచం మీద కూర్చుని, ల్యాప్‌టాప్ వెలుతురు ఎవరి కళ్లలోనూ పడకుండా దుప్పటి కప్పుకుని రాశాను. పాసయ్యాను, కానీ అలా రాసే పరీక్ష కాదది. సెమిస్టర్ మొదటి వారంలోనే సిలబస్, డ్రిల్ పట్టిక పక్కపక్కన పెట్టుకుని తగిలే తేదీలు ప్రొఫెసర్‌కి అప్పుడే చెబితే చాలామంది ఒప్పుకుంటారు. కాలేజీలో ఉన్నవాళ్లు బేసిక్ ఒక వేసవిలో, పని శిక్షణ మరుసటి వేసవిలో చేసేలా విడదీసి కూడా తీసుకోవచ్చు, రిక్రూటర్‌ని అడగండి. ఫీజు సాయం ఉంది. ఆరేళ్లకు ఒప్పుకుంటే జీఐ బిల్ అనే సైనికుల చదువు సాయం కింద చదువుతున్నన్నాళ్లూ నెలనెలా డబ్బు వస్తుంది, కొన్ని రాష్ట్రాలు గార్డ్ వాళ్లకు ఫీజు తగ్గిస్తాయి. ఆర్మీ కట్టే ట్యూషన్ సాయంలో మాత్రం మాస్టర్స్‌లో బి కంటే తక్కువ వస్తే, డిగ్రీలో సి కంటే తక్కువ వస్తే ఆ డబ్బు వెనక్కి కట్టాలి.

కాగితాల దగ్గర మన ఊళ్లవాళ్లకు ఒక ప్రత్యేకమైన చిక్కుంది, ఇది ఇంకెవరూ చెప్పరు. నేను 1988లో పుట్టాను, అప్పుడు పర్లాకిమిడి గంజాం జిల్లాలో ఉండేది. గజపతి జిల్లా 1992 అక్టోబర్‌లో వచ్చింది. నా పుట్టిన సర్టిఫికెట్‌లో గంజాం అని, పాస్‌పోర్ట్‌లో గజపతి అని ఉంది, పైగా ఒరియా మీడియం బడి సర్టిఫికెట్‌లో మా నాన్నగారి పేరు ఒరియా పలుకుబడిలో, మిగతావాటిలో తెలుగు పలుకుబడిలో ఉంది. రాయగడలో పాతవాళ్లకు కోరాపుట్‌తో ఇదే తంటా. వీటన్నిటికీ మీరు ఊళ్లో ఉండగానే అఫిడవిట్ చేయించుకుని వెళ్లండి. అక్కడి నుంచి అమ్మానాన్నలను తహసీల్ ఆఫీసు చుట్టూ తిప్పకండి. సిటిజన్ కానివాళ్లకు సెక్యూరిటీ క్లియరెన్స్, అంటే రహస్య సమాచారం చూసే అనుమతి, రాదు, కాబట్టి మొదట్లో దొరికే పనులు కొన్నే. తర్వాత క్లియరెన్స్‌కి వెళ్లినప్పుడు ఊళ్లో బంధువుల వివరాలు, పేరు మీదున్న పొలం, ఇల్లు అన్నీ అడుగుతారు, ఏదీ దాచకండి.

ఇంటి సంగతి రాయడమే నాకు కష్టం. 2018 సెప్టెంబర్ 14న ఫ్లోరెన్స్ తుఫాను మా రాష్ట్రంలో తీరం దాటింది. మమ్మల్ని ముందే పిలిచారు. మంచినీళ్ల కేసులు, తిండి ప్యాకెట్లు లారీల్లోకి ఎత్తి, నీళ్లు నిలిచిన ఊళ్లకు చేర్చాము, ఒక ముసలావిడ నీళ్ల కేసు అందుకుని నా చెయ్యి చాలాసేపు వదల్లేదు. ఇంట్లో మా ఆవిడ ఇద్దరు పిల్లలతో ఒక్కతే, చిన్నదానికి జ్వరం. ఆ డ్యూటీ ముగిసేసరికి నా సెలవులన్నీ అయిపోయాయి, ఆఫీసుకి తిరిగొచ్చాను. నెల తిరగకుండానే అక్టోబర్ 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటి మన గజపతి జిల్లా మీద పడింది. మూడు రోజులు ఇంటికి ఫోను కలవలేదు. కొండలు విరిగి పడ్డాయని, మనుషులు పోయారని వార్తల్లో చూస్తూ కూర్చున్నాను. నాకు సెలవు లేదు, తర్వాతి వారాంతంలో డ్రిల్ కూడా ఉంది. నాలుగో రోజు అమ్మ పాతపట్నం నుంచి ఎవరి ఫోనో తీసుకుని చేసింది. "బాబూ, పైకప్పు రేకులు పోయాయి, మేం బాగానే ఉన్నాం, నువ్వు డ్యూటీకి వెళ్లు" అంది. వెళ్లాను. ఆ వీకెండ్ ఎవరేం చెప్పారో నాకు ఒక్క ముక్క కూడా గుర్తులేదు.

మా ఆవిడ ఆ తర్వాత ఒక్క మాటే అంది: "మీరు వెళ్లడం గురించి నాకు బాధ లేదండీ, ముందు రోజు చెప్పడమే నాకు పడదు." అప్పటి నుంచి ఫ్రిజ్ మీద ఏడాది పట్టిక ఉంటుంది. డ్రిల్ వీకెండ్‌లో పిల్లల పుట్టినరోజుగానీ ఉగాది వేడుకగానీ పడితే వారం ముందు జరుపుకుంటాం. ఇండియా ప్రయాణానికి టికెట్ కొనకముందే యూనిట్‌కి చెప్పి, పోయే డ్రిల్ ముందుగానో తర్వాతో చేయడానికి అనుమతి అడగాలి. చెప్పకుండా మానేస్తే ఒక్క వీకెండే నాలుగు గైర్హాజరీల కింద లెక్క, ఏడాదిలో తొమ్మిదికి చేరితే పెద్ద చిక్కే. అంటే మూడో వీకెండ్‌తో అయిపోయినట్టే. కుటుంబానికి ట్రైకేర్ రిజర్వ్ సెలెక్ట్ అనే ఆరోగ్య బీమా చాలా కంపెనీ ప్లాన్ల కంటే చవకగా వస్తుంది, మాకది నిజంగా ఆదుకుంది. అందులో మనూరి నుంచి చూడటానికొచ్చే అమ్మానాన్నలు రారు, వాళ్లకు విడిగా తీసుకోండి.

సంతకం పెట్టకముందు ఇదొక్కటి రెండుసార్లు చదవండి. సైన్యంలో చేరితే సిటిజన్‌షిప్ త్వరగా వస్తుంది, 2002లో వచ్చిన ఉత్తర్వు వల్ల గ్రీన్ కార్డు మీద మామూలుగా ఆగాల్సిన ఏళ్లు ఆగక్కర్లేదు. నాకు 2017లో వచ్చింది. ఆ రోజే భారత పౌరసత్వం పోతుంది, అది అందరికీ తెలుసు, విదేశీ పౌరులైన భారత సంతతివాళ్లకు వీసా లేకుండా వచ్చిపోవడానికి ఇచ్చే ఓసీఐ కార్డు తీసుకుంటే సరిపోతుందిలే అనుకుంటాం. కానీ విదేశీ సైన్యంలో పనిచేస్తున్నవాళ్లకూ, రిటైరైనవాళ్లకూ ఓసీఐ ఇవ్వరని నిబంధనలోనే ఉంది. రిక్రూటర్‌కి ఇది తెలియదు, తెలియాల్సిన పనీ లేదు. నాకూ ఎవరూ చెప్పలేదు. ఇప్పుడు హైదరాబాద్‌లో దిగగానే మా ఆవిడా పిల్లలూ ఓసీఐ వాళ్ల వరసలో నిలబడతారు, నేను వీసా కాగితాలు పట్టుకుని విదేశీయుల వరసలో నిలబడతాను. రేపు రిటైరయ్యాక పర్లాకిమిడిలో స్థిరపడదామనే ఆలోచన మీలో ఎవరికైనా ఉంటే, అమ్మానాన్నలకు మీరొక్కరే అయితే, ఈ విషయం ఇంట్లో అందరితో కూర్చుని మాట్లాడాకే సంతకం పెట్టండి. నేను మాట్లాడకుండా పెట్టాను. చేరినందుకు పశ్చాత్తాపం లేదు, 2022లో మళ్లీ సంతకం కూడా పెట్టాను, కానీ నాన్నకు ముందే చెప్పి ఉండాల్సింది.

చివరగా ఒక కాగితం సంగతి. 2022 వేసవిలో రెండు వారాల శిక్షణలో ఉండగా ఊళ్లో అమ్మ బావి దగ్గర జారిపడి తుంటి ఎముక విరిగింది, విశాఖ తీసుకెళ్లారు. శిక్షణలో మన దగ్గర ఫోను ఉండకపోవచ్చు. ఇలాంటప్పుడు కుటుంబం అమెరికన్ రెడ్‌క్రాస్‌కి చెబితే, వాళ్లు ఆసుపత్రితో మాట్లాడి నిజమని నిర్ధారించుకుని కమాండర్‌కి కబురు పంపుతారు, దాని మీదే అత్యవసర సెలవు త్వరగా వస్తుంది. మా చెల్లెలు మా ఆవిడకు ఫోన్ చేసింది, మా ఆవిడ రెడ్‌క్రాస్‌కి చేసింది. నా యూనిట్ పూర్తి పేరు మా ఆవిడకు తెలియదు, డాక్టర్ పేరు మా చెల్లెలు చెప్పలేకపోయింది, ఆసుపత్రిలో ఫోన్ ఎవరూ ఎత్తలేదు. ఒక పగలంతా అలా పోయింది. అప్పటి నుంచి నా పూర్తి పేరు, పుట్టిన తేదీ, ర్యాంకు, యూనిట్ పేరు, చిరునామా, రెడ్‌క్రాస్ నంబరు ఒక కాగితం మీద రాసి, అమ్మావాళ్ల బీరువా తలుపు లోపలి వైపు అంటించాను, కింద డాక్టర్ పేరు, ఆసుపత్రి నంబరు రాయడానికి ఖాళీ వదిలాను. మొదట తెలుగులో రాశాను. మా చెల్లెలు చూసి, "అన్నయ్యా, నాకు తెలుగు మాట్లాడటమే గానీ చదవడం రాదు కదా" అంది. తను చదివింది ఒరియా బడిలోనే. పక్కింటివాళ్లూ అంతే. ఇప్పుడు ఆ తలుపు మీద రెండు కాగితాలున్నాయి, ఒకటి తెలుగులో, ఒకటి ఒరియాలో.